రేపు తెలియని దినములలో ఒక కాపరి – హిప్పో బిషప్ అగస్టీన్ జీవితము

నూరేండ్లు నిండిన వేళ వెనుకకు తిరిగి చూచుకొనుట సహజము. గుడులు కట్టినవారిని, బడులు పెట్టినవారిని, ఎడ్లబండ్ల మీద ఊరూరు తిరిగినవారిని ఈ సంచికలో జ్ఞాపకము చేసికొంటున్నాము. అయితే ఒక మాట మరువరాదు. ఆ నూరేండ్లలో ఏ ఒక్క సంవత్సరము మొదటి దినమున కూడ ఆ సంవత్సరము ఎట్లు ముగియనున్నదో మన పెద్దలకు తెలియదు. కరువు వస్తుందో, కలరా వస్తుందో, ఉప్పెన వస్తుందో తెలియకయే వారు విత్తనములు చల్లారు, పునాదులు వేశారు, పిల్లలను బడికి పంపారు.

లోకము తలక్రిందులైన వేళ మనుష్యులు రేపటిని ఎట్లు ఊహించుకొంటారు? ఆ ఊహలు వారిచేత ఏమి చేయిస్తాయి? ఈ ప్రశ్నలకు సంఘ చరిత్రలో జవాబు వెదకినప్పుడు మాకు ముందుగా కనబడేది హిప్పో పట్టణపు బిషప్ అగస్టీన్ జీవితము. ఆయన పుట్టిననాడు రోమా రాజ్యము ఎన్నటికిని నిలిచేదని లోకము నమ్మింది. ఆయన కన్నుమూసిననాడు శత్రు సైన్యము ఆయన పట్టణపు గోడలను చుట్టుకొని ఉంది. ఈ రెండు దినముల మధ్య ఆయన ఏమి నేర్చుకొన్నాడో, తన సంఘమునకు ఏమి నేర్పాడో క్లుప్తముగా చెప్పుకొందాము.

జాతకములను నమ్మిన యువకుడు

అగస్టీన్ క్రీ.శ. 354 నవంబరు 13న ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తే అనే చిన్న పట్టణములో జన్మించాడు. నేడది అల్జీరియా దేశములో సూక్ అహ్రాస్ అనే పేరుతో ఉంది. తండ్రి పత్రీషియస్ కొద్దిపాటి భూమి గలవాడు. జీవితము చివరలో గాని క్రైస్తవుడు కాలేదు. తల్లి మోనికా ప్రార్థనాపరురాలు. డబ్బు చాలక పదునారవ ఏట కుమారుని చదువు ఒక సంవత్సరము ఆగిపోయింది. ఆ ఊరి ధనవంతుడైన రొమానియానస్ చేయూతనివ్వగా అగస్టీన్ కార్తేజి నగరములో వక్తృత్వ విద్య పూర్తిచేసి, ఆ విద్యనే బోధించి బ్రతుకసాగాడు. ఆ దినములలోనే ఒక స్త్రీతో కాపురము చేశాడు. అదెయోదాతుస్ అనే కుమారుడు కలిగాడు.

తల్లి విశ్వాసమును విడిచి తొమ్మిదేండ్లపాటు ఆయన మానికీయుల మతమును అనుసరించాడు. ఆ కాలములోనే జ్యోతిష్కుల వెంట కూడ తిరిగాడు. విండిసియానస్ అనే వృద్ధ వైద్యుడు ఆ గ్రంథములు పారవేయమని హితవు చెప్పినా వినలేదు. చివరకు ఫిర్మినస్ అనే స్నేహితుడు చెప్పిన ఒక సంగతి ఆయన కన్నులు తెరిపించింది. ఫిర్మినస్ తండ్రికిని ఆయన మిత్రునికిని జాతకములంటే అమిత ఆసక్తి. ఒక ఇంటిలో యజమానురాలు, మరొక ఇంటిలో దాసి ఒకే సమయములో గర్భవతులైనారు. ప్రసవపు గడియ తెలుపుటకు ఇరు ఇండ్ల నుండి మనుష్యులు పరుగెత్తగా, వారు సరిగ్గా సగము దారిలో ఎదురుపడ్డారు. అనగా ఇద్దరు శిశువులకు ఒకే లగ్నము, ఒకే గ్రహస్థితి. అయినను ఫిర్మినస్ సిరిసంపదలలో పెరిగాడు. ఆ దాసి కుమారుడు దాసుడుగానే ఊడిగము చేశాడు. నక్షత్రములు ఒకటే, బ్రతుకులు వేరు. జ్యోతిష్కుడు చెప్పినది ఎప్పుడైనా నిజమైతే అది కాకతాళీయమే గాని శాస్త్రము కాదని అగస్టీన్ నాడు తేల్చుకొన్నాడు. రేపటిని ముందే తెలిసికొనవలెననే ఆరాటము ఎంత బలమైనదో ఆయనకు స్వానుభవము. అందువలననే తరువాతి కాలములో ఆ ఆరాటము గలవారిని ఆయన గద్దించుట కంటె ఎక్కువగా ఓపికతో విన్నాడని మా అభిప్రాయము.

384లో ఆయన ఇటలీలోని మిలాను నగరములో ప్రభుత్వ ఆచార్యుడైనాడు. పెండ్లి సంబంధము కుదిరినందున తన కుమారుని తల్లిని ఆఫ్రికాకు పంపివేశాడు. ఆ ఎడబాటు తన గుండెను చీల్చినదని ఆయనే ఒప్పుకొన్నాడు. అచ్చటి బిషప్ అంబ్రోసు ప్రసంగములు ఆయనను కదిలించాయి. 386 వేసవిలో ఒక తోటలో ఏడ్చుచున్న వేళ పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక తెరిచి చదివి, పాత జీవితమును విడిచిపెట్టాడు. 387 ఈస్టరు పండుగ రాత్రి కుమారునితోను, స్నేహితుడైన అలీపియస్‌తోను బాప్తిస్మము పొందాడు. అదే సంవత్సరము స్వదేశమునకు బయలుదేరగా ఓస్తియా రేవులో మోనికా మరణించింది. 388లో తగాస్తే చేరిన కొద్ది కాలమునకే కుమారుడును చనిపోయాడు.

నెమ్మదిగా సన్యాస జీవితము గడపవలెనని ఆయన కోరిక. 391లో ఏదో పనిమీద హిప్పో వెళ్ళగా, అక్కడి సంఘస్థులు ఆయనను గుడిలోనే పట్టుకొని, పెద్దగా అభిషేకింపుమని వృద్ధుడైన బిషప్ వలేరియస్ ముందుకు లాగుకొనిపోయారు. అగస్టీన్ కన్నీరు కార్చాడు. బిషప్ పదవి దక్కలేదని ఏడుస్తున్నాడేమో అనుకొని కొందరు ఆయనను ఓదార్చారట! కొద్ది సంవత్సరములలోనే ఆయన బిషప్ కూడ అయ్యాడు. మరణించువరకు ఆ పీఠములోనే ఉన్నాడు. తాను కోరుకొనని పనియే తన జీవితమైంది.

రోమా పడిపోయిన వార్త

హిప్పో ఓడరేవు. ఆఫ్రికా గోధుమలు ఆ రేవు నుండి కూడ రోమాకు వెళ్ళేవి. 410లో ఆ సముద్రము మీదనే రోమా నుండి కాందిశీకులు వచ్చారు. ఆ సంవత్సరము ఆగస్టు 24న అలారిక్ నాయకత్వములో గోత్ జాతి సైన్యము నగరములో ప్రవేశించి మూడు దినములు దోచుకొంది. దాదాపు ఎనిమిది వందల ఏండ్లుగా పరాయి శత్రువు అడుగుపెట్టని నగరమది. దూరముగా బేత్లెహేములో ఉన్న జెరోము అంతటి పండితుడు కూడ ఆ వార్త విని, కొంతకాలము తన వ్యాఖ్యాన రచన సాగించలేకపోయాడు.

ఆ దినములలో జనులు మాట్లాడుకొన్న మాటలను అగస్టీన్ ప్రసంగముల ద్వారా మనము తెలిసికొనగలము. పూర్వపు దేవతలను మానినందుననే ఈ నాశనము వచ్చినదని అన్యులు అన్నారు. పేతురు పౌలుల సమాధులు ఉన్న నగరమును ప్రభువు ఎందుకు కాపాడలేదని క్రైస్తవులు అడిగారు. లోకాంతము వచ్చినదని కొందరు వణికారు. మరికొందరు కాందిశీకులైతే కార్తేజిలో దిగిన వెంటనే నాటకశాలలకు పరుగెత్తారు. ఒకడు నిన్నటిలోనికి పారిపోయాడు, ఒకడు రేపటిలోనికి పారిపోయాడు, మరొకడు వినోదములోనికి పారిపోయాడు. నేడు చేయవలసిన పని మాత్రము ఎవరికిని కనబడలేదు.

హిప్పో సంఘస్థులు కూడ భయములో ఒక వింత పని చేశారు. రోమా నుండి వచ్చిన మహా ధనవంతుడు పినియానస్ 411లో తమ గుడికి రాగా, ఆయన తమ ఊరిలోనే ఉండిపోవలెనని, పెద్దగా అభిషేకింపబడవలెనని కేకలు వేసి, ప్రమాణము చేయించుకొన్నారు. ఇరువది ఏండ్ల క్రిందట తన విషయములో జరిగినట్టిదే తన యెదుట మరల జరుగగా అగస్టీన్ కలవరపడ్డాడు. ఆపదలో ఉన్న జనులు ధనవంతుని గోడగా చేసికొనజూచుట ఆ కాలమునకే పరిమితము కాదు గదా!

ఆయన ఏమి చెప్పాడు? నగరమంటే రాళ్ళు, దూలములు కావనీ, అందులోని మనుష్యులే నగరమనీ చెప్పాడు. ఒకే గానుగలో పడిన గింజల నుండి నూనెయు వస్తుంది, మడ్డియు వస్తుంది; బరువు ఒకటే గాని దాని క్రింద నలిగినవారు వేరువేరుగా తేలుతారని బోధించాడు. శత్రు సైనికుల చేత చెరచబడిన స్త్రీల విషయములో ఆయన మాట్లాడిన తీరును మేము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. అవమానము తాళలేక ప్రాణము తీసికొన్న స్త్రీలను పొగడుట రోమనుల పాత ఆచారము. అగస్టీన్ దానిని ఎదిరించాడు. పరుని దౌర్జన్యము వలన స్త్రీ పవిత్రత పోదనీ, పాపము చేసినవానిది గాని అనుభవించినదానిది కాదనీ, ఆమె బ్రతుకవలెననీ వ్రాశాడు. భవిష్యత్తు లేదనుకొన్నవారికి భవిష్యత్తును తిరిగి ఇచ్చిన మాటలవి.

రాజ్యాధికారి, స్నేహితుడు అయిన మార్సెల్లినస్ ప్రోత్సాహముతో 413లో ఆయన దేవుని పట్టణమును గూర్చిన మహాగ్రంథము మొదలుపెట్టాడు. అదే సంవత్సరము మార్సెల్లినస్ రాజకీయ కలహములలో అన్యాయముగా శిరచ్ఛేదము పొందాడు. అయినను వ్రాత ఆగలేదు. ఇరువది రెండు భాగముల ఆ గ్రంథము ముగియుటకు పదమూడేండ్లకు పైగా పట్టింది. దాని సారాంశము ఇది: దేవుని ప్రేమించువారి పట్టణము, తమ్మును తామే ప్రేమించుకొనువారి పట్టణము ఈ లోకములో చివరివరకు కలగలిసి ఉంటాయి. ఏ సామ్రాజ్యమును దేవుని రాజ్యము కాదు. కనుక ఏ సామ్రాజ్య పతనమును అన్నిటికి అంతము కాదు. చక్రవర్తులు క్రైస్తవులైనందున ఇక చరిత్ర ఒడ్డున పడినదని అనేక క్రైస్తవులు సంబరపడిన రోజులవి. ఆ ఆశ తప్పని చెప్పుటకు ధైర్యము కావలెను.

లెక్కలు వేసినవారు

కష్టకాలములో లెక్కలు వేసేవారికి కొదువ ఉండదు. క్రైస్తవ మతము 365 సంవత్సరములు మాత్రమే నిలుస్తుందని చెప్పే పద్యములు అన్యులలో ప్రచారమయ్యాయి. అగస్టీన్ తానే లెక్కకట్టి, ఆ గడువు దాటిపోయిందనీ, దాటిన వెంటనే 399లో కార్తేజిలో కూలినవి విగ్రహాలయములే గాని సంఘము కాదనీ చూపాడు.

అయితే సొంత సంఘములోని లెక్కలను కూడ ఆయన విడిచిపెట్టలేదు. కాన్‌స్టాంటినోపుల్ నగరము అగ్నితో నశిస్తుందని ఒక మారు పుకారు పుట్టగా, ఆకాశములో ఎర్రని మేఘము చూచి జనులందరు గుడికి పరుగెత్తి, ఇండ్లలోను వీధులలోను బాప్తిస్మమిమ్మని బలవంతపెట్టారనీ, చివరకు నగరము క్షేమముగానే నిలిచినదనీ ఆయన ప్రసంగములో చెప్పాడు. 418 జూలై 19న సూర్యగ్రహణము కలిగింది; అనావృష్టి కూడ బాధించింది. ఆ దినములలో దల్మాతియా దేశములోని సలోనా బిషప్ హెసీకియస్, దానియేలు వారములను బట్టి అంతము సమీపించినదని తెలిసికొనవచ్చునని ఆయనకు వ్రాశాడు.

అగస్టీన్ ఇచ్చిన జవాబు దీర్ఘమైనది, మర్యాదతో కూడినది. గ్రహణములు, యుద్ధములు, కరువులు పూర్వమును ఉన్నాయి. సువార్త వినని జాతులు ఆఫ్రికాలోనే ఇంకను ఉన్నాయి. పిమ్మట ఆయన ముగ్గురు సేవకుల పోలిక చెప్పాడు. ప్రభువు త్వరగా వస్తాడు గనుక మెలకువగా ఉందామని ఒకడంటాడు. ఆయన ఆలస్యము చేసినా మన ఆయుస్సు కొద్దిది గనుక మెలకువగా ఉందామని రెండవవాడంటాడు. ఎప్పుడు వస్తాడో తెలియదు గనుక మెలకువగా ఉందామని మూడవవాడంటాడు. ముగ్గురు చేసే పని ఒకటే. కాని మొదటివాని లెక్క తప్పితే, వానిని నమ్మినవారు ప్రభువు రాకడనే శంకించే ప్రమాదమున్నది. తెలియదని ఒప్పుకొన్నవాడు మాత్రము తప్పిపోడు. కనుక తాను మూడవవానితో ఉంటానని అగస్టీన్ తేల్చాడు. సంఘములో తెలియదని చెప్పగల బోధకుడు అరుదు. అట్టివాడే నమ్మదగినవాడని మేము తలస్తాము.

ఇక్కడ ఆయన లోపమును కూడ దాచకూడదు. ఆఫ్రికా సంఘమును చీల్చిన దొనాతు వర్గమును మొదట మాటలతోనే కలుపుకొనవలెనని ఆయన భావించాడు. తరువాత రాజశాసనములతోను, జరిమానాలతోను వారిని లోబరచుట మంచిదే అని సమర్థించాడు. మరణశిక్ష వద్దని అధికారులను వేడుకొన్న మాట నిజమే. అయినను ఆయన వ్రాతలను చూపి తరువాతి శతాబ్దములలో అనేకులను హింసించారు. రేపు తెలియదని ఒప్పుకొన్నవాడు సహితము తోటి విశ్వాసిని బలవంతపెట్టుటకు సమ్మతించాడు. గొప్పవారి జీవితములు అనుకరించుటకే గాక జాగ్రత్తపడుటకు కూడ వ్రాయబడినవి.

ఓడలోని నూట ఇరువది మంది

చట్టము సడలిన దినములలో మనుష్యులను ఎత్తుకొనిపోయి అమ్మే వ్యాపారులు ఆఫ్రికా తీరములో విజృంభించారు. 1981లో మొట్టమొదట అచ్చయిన ఆయన ఉత్తరములలో ఒకటి ఈ సంగతిని తెలుపుతుంది. పల్లెలపై పడి స్త్రీలను, పిల్లలను పట్టుకొని హిప్పో రేవులో ఓడలెక్కించేవారట. ఆయన ఊరిలో లేని సమయములో సంఘస్థులే పూనుకొని, ఓడ నుండి, దాచిన స్థలముల నుండి సుమారు 120 మందిని విడిపించారు. వ్యాపారులకు పలుకుబడి గల పోషకులుండుటచేత, విడిపించినవారి మీదనే ఫిర్యాదులు వచ్చాయి. అయినను సంఘము వెనుకంజ వేయలేదు. చెరపట్టబడినవారి కొరకును, బీదల కొరకును గుడి వెండి పాత్రలను సహితము కరిగించి అగస్టీన్ వెచ్చించాడని ఆయన చరిత్ర వ్రాసిన పొస్సిదియస్ తెలిపాడు. ధనవంతుని పట్టుకొని వ్రేలాడిన సంఘమే కొన్నాళ్ళకు ఓడలోని బీదలను విడిపించే సంఘమైంది. ఈ మార్పు మహాగ్రంథము కంటె తక్కువది కాదు.

426 సెప్టెంబరు 26న ఆయన సంఘమును సమకూర్చి, తన తరువాత ఎరాక్లియస్ బిషప్ కావలెనని ప్రతిపాదించి, ప్రజల సమ్మతిని లేఖకులచేత వ్రాయించాడు. పొరుగున మిలేవిస్ పట్టణములో బిషప్ తన వారసుని పేరు పెద్దలకు మాత్రమే చెప్పి, ప్రజలకు చెప్పక చనిపోగా కలత పుట్టింది. అట్టిది తన సంఘములో జరుగరాదని ఆయన తలంపు. తరువాత తన పుస్తకములన్నిటిని ఒక్కొక్కటిగా తిరిగి చదివి, తప్పులు దిద్దుకొన్నాడు. రేపు తెలియదని చేతులు ముడుచుకొని కూర్చొనలేదు, ఇల్లు చక్కబెట్టుకొన్నాడు.

ముట్టడి

429లో గైసెరిక్ రాజు క్రింద వాండల్ జాతి స్పెయిన్ నుండి సముద్రము దాటి ఆఫ్రికాలో దిగింది. వారును క్రైస్తవులమనుకొనేవారే, అరియు మతస్థులు. పట్టణములు కాలాయి, సంఘములు చెదరాయి. అప్పుడు హోనొరాటస్ అనే బిషప్ ఒక ప్రశ్న పంపాడు: శత్రువు వచ్చినప్పుడు కాపరులు పారిపోవచ్చునా?

అగస్టీన్ జవాబు నేటికిని పరిచారకులందరు చదువదగినది. శత్రువు ఒక్క కాపరినే వెదకుచున్నయెడల, పరిచర్య చేయుటకు ఇతరులు మిగిలియుంటే, ఆయన తప్పించుకొనవచ్చును. దమస్కులో పౌలు గంపలో దిగలేదా? ప్రజలందరు వెళ్ళిపోతే కాపరియు వెళ్ళవచ్చును. కాని ప్రజలు ఉండగా కాపరి పోకూడదు. ఆపద వేళ జనులు గుడికే పరుగెత్తుతారు. ఒకరు బాప్తిస్మము, ఒకరు క్షమాపణ, అందరును ఆదరణ కోరుతారు. అక్కడ ఎవరును లేకుంటే వారి గతి ఏమి? కొందరు ఉండి కొందరు వెళ్ళవలసివస్తే, ఎవరికి వారు త్యాగమూర్తులమని వాదించుకొనక చీట్లు వేసికొమ్మన్నాడు.

430లో హిప్పో ముట్టడింపబడింది. ఇతర ఊళ్ళ బిషపులు కూడ అక్కడ తలదాచుకొన్నారు. దేవుడు పట్టణమును విడిపించవలెను, లేనియెడల సహించే బలమియ్యవలెను, లేదా తనను తీసికొనవలెను అని ఆయన ప్రార్థించేవాడు. ముట్టడి మూడవ నెలలో జ్వరముతో పడకబట్టాడు. దావీదు పశ్చాత్తాప కీర్తనలు వ్రాయించి, మంచము ప్రక్క గోడకు అంటించుకొని, చివరి పది దినములు వాటిని చదువుచు ఏకాంతముగా గడిపాడు. ఆగస్టు 28న నిద్రించాడు. వీలునామా లేదు, వ్రాయుటకు ఆస్తి లేదు. గుడి పుస్తకాలయమును భద్రపరచుమని మాత్రము చెప్పాడు.

ముట్టడి పదునాలుగు నెలలు సాగింది. తరువాత హిప్పోలో కొంత భాగము కాలిపోయింది. 439లో కార్తేజియు శత్రువుల వశమైంది. ఆ ప్రాంతపు సంఘము కాలక్రమమున క్షీణించింది. ఆయన నిలిచియుండుట వలన పట్టణము దక్కలేదు. కాని పుస్తకములు దక్కాయి. చివరివరకు ఆయన సంఘస్థులకు కాపరి దక్కాడు.

2020 మార్చిలో మన గుడులు మూతపడినప్పుడు మన సంఘములలో కూడ ఇవే ప్రశ్నలు వినబడ్డాయి. ఇది ఏ సూచన? ఏ అధ్యాయములో ఉన్నది? ఇంకెన్ని దినములు? లెక్కలు చెప్పినవారికి శ్రోతలు దొరికారు. అదే సమయములో చుట్టుప్రక్కల ఇండ్లకు బియ్యము చేరవేసినవారును, అంత్యక్రియలకు ఎవరును రాని చోట నిలిచినవారును ఉన్నారు. వారు మూడవ సేవకునితో ఉన్నారని మేము నమ్ముతాము.

ప్రియ సంఘ సభ్యులారా, మన మనుమలు ఇక్కడ రెండవ శతజయంతి జరుపుకొంటారో లేదో మనకు తెలియదు. హిప్పో చరిత్ర మనకు ఆ హామీ ఇవ్వదు. రేపటిని గూర్చిన భయము మనచేత ఏమి చేయిస్తున్నదని మాత్రము ప్రశ్నిస్తుంది. మన రేవులో నేడు ఏ ఓడ నిలిచియున్నదో, అందులో ఎవరు బంధింపబడియున్నారో చూచుటకు ప్రభువు మనకు కన్నులనిచ్చును గాక.